అత్త మోకాళ్ళ డబ్బుకి ఫ్లోటింగ్ బాండు

ఇప్పుడు నేను చెప్పబోయేది ఒక మహాగాథ. ఇందులో ఒక సర్కారు ఉంది, ఒక స్త్రీ పట్టిన పంతం ఉంది, ఒక కోట మీదికి దండయాత్ర ఉంది, చుట్టాల మధ్య యుద్ధం ఉంది, నిండు సభలో జ్ఞానోదయం ఉంది. చదివి తట్టుకోగలరా అని ముందే అడుగుతున్నాను.

తట్టుకోగలరు. సర్కారు చేసిందల్లా బాండ్లు అమ్మడం. పంతం మా అత్త మోకాళ్ళ గురించి. కోట అంటే విజయనగరంలో లిఫ్టు లేని మేడ మీద ఒక షేర్ల ఆఫీసు. యుద్ధంలో ఎవరికీ దెబ్బలు తగల్లేదు. ఒక టీ గ్లాసు పగిలింది, అదీ పిల్లి వల్ల. జ్ఞానోదయం మాత్రం నిజంగానే అయింది, గుమ్మడికాయ వల్ల.

అత్త అంటే మా నాన్న అక్క. మిషన్ ఆసుపత్రిలో ముప్ఫై ఏళ్ళ పైన నర్సుగా చేసి రిటైరై, ఆమదాలవలసలో స్టేషన్‌కి నడిచి వెళ్ళగలిగేంత దూరంలో రెండు గదుల ఇంట్లో ఒక్కతే ఉండేది. ‘నడిచి వెళ్ళగలిగేంత’ అన్నది ఇల్లు కొన్నప్పటి మాట. 2018 నాటికి మోకాళ్ళు అరిగిపోయి, వీధి మలుపులో కిరాణా కొట్టు దాకా వెళ్ళడానికే దారిలో రెండు అరుగుల మీద కూర్చోవాల్సి వచ్చేది. ఆ అరుగుల వాళ్ళు కూడా గౌరవంగా లేచి నిలబడేవారు. గౌరవం అంటే పూర్తిగా గౌరవం కాదు. ఊళ్ళో సగం మందికి చిన్నప్పుడు సూదులు పొడిచింది ఆవిడే. ఆవిడ కనబడితే పెద్ద పెద్ద మీసాలవాళ్ళు ఇప్పటికీ ఒక పక్కకి ఒరిగి కూర్చుంటారు.

విశాఖపట్నం డాక్టరు రెండు మోకాళ్ళూ మార్చాలన్నాడు. నాలుగున్నర లక్షలు అవుతుందన్నాడు. అత్త దగ్గర సరిగ్గా అంతే ఉంది, రిటైరైనప్పుడు వచ్చింది, ముట్టుకోకుండా దాచింది. కాకపోతే షుగరు ఎక్కువగా ఉంది. “ముందు అది దిగాలమ్మా. మూడు నెలలు పట్టొచ్చు, ఏడాది పట్టొచ్చు. రిపోర్టు బాగున్న రోజు ఫోన్ చేస్తాం. వారంలో డబ్బుతో సహా వచ్చి చేరిపోవాలి. ఆలస్యం చేస్తే మళ్ళీ పెరిగిపోతుంది, మళ్ళీ మొదటికి” అన్నాడు.

కాబట్టి సమస్య ఇదీ: డబ్బు ఉంది, ఎందుకో తెలుసు, ఎప్పుడో తెలీదు. ఫోన్ వచ్చిన వారంలో మాత్రం చేతిలో ఉండాలి.

అత్తకి ఇంకో బాధ కూడా ఉండేది. “ఒరే అల్లుడూ, నాను కుంటతా తిరగతన్నాను, నా డబ్బులు సూడు, బేంకులో కాళ్ళు జాపుకుని పడుకున్నాయి. నూటికి మూడున్నర రూపాయలేటి? ఆ డబ్బులకి నాకున్నన్ని నొప్పులు కూడా లేవు గదా!”

ఆ మాట ఆవిడ నాతోనే ఎందుకు అందంటే, మా వంశంలో డబ్బు గురించి చదువుకున్నది నేనొక్కడినే. శ్రీకాకుళంలో బ్యాంకు పరీక్షలకి కోచింగు తీసుకుంటున్నాను. మొదటి మెట్టు రెండుసార్లు దాటాను, రెండో మెట్టు మీద రెండుసార్లూ జారాను. ఉద్యోగం ఒక్కటే తక్కువ, బ్యాంకు గురించి మిగతావన్నీ తెలుసు.

ఆ వారమే కోచింగులో ఫ్లోటింగ్ రేటు బాండ్ల పాఠం అయింది. పాఠం విన్నవాడు ఊరుకోవాలి. నేను ఆదివారం గుడి (మా చర్చిని మేం అలాగే అంటాం) అయ్యాక అత్త వసారాలో కూర్చుని చెప్పడం మొదలెట్టాను.

“అత్తా, మామూలు గవర్నమెంటు బాండుకి వడ్డీ మొదటి రోజే రాసీస్తారు. తరవాత బయట వడ్డీలు పెరిగినాయనుకో, నీ పాత బాండు ఎవరికీ అక్కర్లేదు, దాని ధర పడిపోతాది. ఫ్లోటింగ్ బాండు అలగ కాదు. ఆరు నెలలకోసారి వడ్డీ మారుస్తారు. బయట పెరిగితే దీనికీ పెరుగుతాది, తగ్గితే తగ్గుతాది. అందుకని దీని ధర అంత ఊగదు.”

అత్త ఇట్టే పట్టేసింది. “అంటే ఇన్సులిన్ లాగన్నమాట. రీడింగు బట్టి డోసు.”

మా కోచింగు సారు దీనికి గంటన్నర తీసుకుని, బోర్డు రెండుసార్లు తుడిచాడు.

అప్పటికే అక్కడ గరివిడి మావ ఉన్నాడు. మావ అంటే మా అమ్మ తమ్ముడు. గరివిడిలో ఫ్యాక్టరీలో కొలిమి దగ్గర పనిచేసి రిటైరయ్యాడు. అందువల్ల ఆయనకి ఏ విషయమైనా వెయ్యి డిగ్రీల దగ్గరే మొదలవుతుంది. కూరలో ఉప్పు ఎక్కువైతే ‘ప్రాణాలు తీసీడానికేనా’ అంటాడు. అత్తకీ ఆయనకీ వదినా మరిది వరస కాబట్టి ఇద్దరూ ఎదురుపడితే పలకరింపే ఒక పోట్లాట.

“తేలేదాన్ని నమ్మకు ఒదినా” అన్నాడు మావ టీ గ్లాసు కింద పెట్టి. “తేలినాదంటే ఎప్పుడో ములుగుతాది.”

“తేలేది వడ్డీ మావా, అసలు కాదు” అన్నాను.

“మరి అసలు ఎక్కడుంటాది?”

“గవర్నమెంటు దగ్గర.”

“అదిగో. ములిగిపోనాది.”

మావ దగ్గర ఇంకో పథకం ఉంది. రాజాంలో ధాన్యం కొనే షావుకారు ఒకాయన తెలుసట, నెలకి నూటికి రెండు రూపాయలు ఇస్తాడట. “కాయితం గియితం అక్కర్లేదు ఒదినా. ఆడు మనోడే.”

“మరిదిగారూ, మనోడైతే మరీ ఇవ్వడు. రేపు నా మోకాళ్ళ కోసరం ఫోనొస్తే, ‘ధాన్యం ఇంకా అమ్ముడవలేదమ్మా, ఈ నెల ఎడమ మోకాలు ఒక్కటీ సేయించుకో’ అంటాడు.”

మావ గుండె మీద చెయ్యేసుకుని, మన వంశంలో మాటకి విలువ లేకుండా పోయింది, ఇంక ఈ ఇంటి గడప తొక్కను అని లేచాడు. పిల్లి బెదిరి గ్లాసు మీంచి దూకింది. గ్లాసు పగిలింది. మావ గాజు ముక్కలు ఏరి, ఇంకో గ్లాసులో టీ పోయించుకుని కూర్చున్నాడు. యుద్ధకాండ సమాప్తం.

అత్త మళ్ళీ నావైపు తిరిగింది. “సెలైన్ పెట్టడం కాదురా, తీసీడం కూడా తెలియాల. ఈ బాండు ఎలగ తీస్తారు?”

ఇక్కడ నేను చరిత్రాత్మకమైన తప్పు చేశాను. “మన కోత పండగ పాట లాగే అత్తా” అన్నాను.

మా బాప్టిస్టు సంఘాల్లో కోతలయ్యాక ఒక ఆదివారం కోత పండగ చేస్తారు. ఎవరి పంటలోంచి వాళ్ళు ఏదో ఒకటి తెస్తారు: కొత్త బియ్యం, కోళ్ళు, కొబ్బరికాయలు, గుమ్మడికాయలు. ఆరాధన అయ్యాక అవన్నీ వేలం పాట. అక్కడి పద్ధతి ఏమిటంటే, పాడుకున్న వస్తువు ఇంటికి పట్టుకెళ్ళేవాడు కాస్త తక్కువవాడు. డబ్బు కట్టి “మళ్ళీ దేవుడికే!” అని తిరిగిచ్చేవాడు గొప్పవాడు. దాన్ని మళ్ళీ పాట పెడతారు. ఒకే కోడి ఒక మధ్యాహ్నంలో అయిదిళ్ళ గొప్పతనం పెంచి సాయంత్రానికి కూడా గూట్లోనే ఉంటుంది.

“గుమ్మడికాయ పాడుకున్నావనుకో. అక్కర్లేదని తిరిగిచ్చీసినావు. ఇంకొకళ్ళు పాడుకుంటారు గదా? బాండు కూడా అంతే. ఫోనొచ్చిన రోజు మార్కెట్లో పెట్టీడమే, ఇంకొకళ్ళు తీసుకుంటారు.”

అత్త మొహం వెలిగింది. ముప్ఫై కోత పండగలు చూసిన మనిషి. ఆవిడ జీవితంలో తిరిగిచ్చిన గుమ్మడికాయని ఎవరూ పాడకుండా వదిలెయ్యడం చూళ్ళేదు. గుళ్ళో తిరిగిచ్చినవాడి డబ్బు తిరిగి రాదన్న చిన్న తేడాని మేమిద్దరం పట్టించుకోలేదు.

ఆ వారంలోనే దండయాత్ర. పొద్దున్న రైలెక్కి విజయనగరంలో దిగి, ఆటోలో షేర్ల ఆఫీసుకి వెళ్ళాం. ఇరవైనాలుగు మెట్లు. లెక్క నాది కాదు, అత్తది. ఒక్కో మెట్టుకి ఒక్కో అంకె పైకి చదువుతూ ఎక్కింది. పన్నెండో మెట్టు మీద ఆగి, “ఈ ఆపీసుకి వచ్చినోళ్ళందరూ మోకాళ్ళు బాగున్నోళ్ళేనేటి? మరి ఆళ్ళకి డబ్బులెందుకు?” అంది.

ఆఫీసులో ఉన్నాయన మర్యాదస్తుడు. లేచి వచ్చి ఫ్యాను అత్త వైపు తిప్పాడు. గవర్నమెంటు బాండ్లు వేలంలో అమ్ముతారని, చిన్న మొత్తాలవాళ్ళు ఎక్స్ఛేంజి ద్వారా అడగొచ్చని, రేటు చెప్పక్కర్లేదని వివరించాడు. “పెద్ద పెద్ద బ్యాంకులు పాడతాయండీ. ఆళ్ళ సగటు రేటు మీకొస్తాది.”

“పాడకుండానే ఇచ్చెస్తారా?” అత్తకి ఇది నచ్చలేదు. నోరు విప్పకుండా వేలంలో కొనడం ఆవిడ దృష్టిలో దొంగతనానికి ఒక మెట్టు కింద. “సరే. ఇది ఎప్పుడు తీరుతాది?”

“రెండువేల ముప్ఫైయ్యొకటి.”

అత్త తన మోకాళ్ళ వైపు చూసుకుంది. అవి కూడా ఆవిడ వైపు చూసినట్టే అనిపించింది.

“మద్దిలో అమ్ముకోవచ్చు గదా?”

“అమ్ముకోవచ్చమ్మా” అన్నాడాయన. తరవాత గొంతు తగ్గించి, “కొనేవోళ్ళుంటే” అన్నాడు. ఫారాల అడుగున చిన్న అక్షరాల్లో అచ్చేసే మాటల్ని పైకి చదివితే సరిగ్గా ఆ గొంతే వస్తుంది.

“ఉంటారు, ఉంటారు” అన్నాను నేను, కొనేవాళ్ళందరూ మా మేనమామలయినట్టు.

ఖాతా తెరిచే ఫారం మీద అత్త సంతకాలు పెట్టింది. ఖాతా రావడానికి పది రోజులు పడుతుందట, ఆ తరవాత వచ్చే వేలంలో డబ్బు కట్టాలట. దిగేటప్పుడు అత్త వెనక్కి తిరిగి, గోడ పట్టుకుని, మెట్లకేసి మొహం పెట్టి దిగింది. మోకాళ్ళ నొప్పి ఉన్నవాళ్ళకి అలా దిగితే బాధ తక్కువట, నర్సు ఉపాయం. కింద షాపువాడు పైన ఏం నష్టపోయిందో అన్నట్టు జాలిగా చూశాడు.

ఆ పది రోజుల మధ్యలోనే మా గుళ్ళో కోత పండగ వచ్చింది.

పాట పెట్టేది మా సంఘపెద్ద, రిటైరైన లెక్కల మాష్టారు. టార్పాలిన్ పందిరి కింద టేబుల్ మీద ఆ ఏడు గొప్ప ఆకర్షణ ఒక గుమ్మడికాయ. ఇద్దరు మోసుకొచ్చారు. యాభైతో మొదలైంది. మావ ఆరువందలకి పాడి, లేచి నిలబడి, చెయ్యి పైకెత్తి, “మళ్ళీ దేవుడికే!” అన్నాడు, రాజ్యం దానం చేసినంత గొంతుతో. చప్పట్లు. తరవాత ఒక టీచరమ్మ తొమ్మిదొందలకి పాడి తిరిగిచ్చింది. మళ్ళీ చప్పట్లు. అత్త మావ వైపు ఓరగా చూసి, “పదకొండొందలు” అంది.

ఒకటోసారి, రెండోసారి, మూడోసారి. అత్తది.

కాయని తెచ్చి పక్క కుర్చీలో పెట్టగానే అత్త మెల్లగా లేచి, డబ్బు ఇచ్చి, “మళ్ళీ దేవుడికే. మళ్ళీ పాట పెట్టండి మాష్టారూ” అంది.

సరిగ్గా అప్పుడే గుడి వెనకాల ఎవరో చికెన్ పలావు గుండిగ మీద మూత తీశారు.

ఆ వాసన పందిరిలోకి రావడానికి పట్టినంత సేపే పట్టింది. మాష్టారు “గుమ్మడికాయ, వంద రూపాయలు” అన్నాడు. ఎవరూ పలకలేదు. “యాభై?” వెనక వరసలో కుర్చీలు కదిలాయి. “పోనీ ఇరవై?” అన్నాడు. “వడ్డిస్తన్నారర్రా, బేగి రండి!” అని వెనక నుంచి కేక. అంతే. మాష్టారు కూడా మైకు టేబుల్ మీద పెట్టి, అది ఆపడం కూడా మరిచిపోయి, వరసలోకి వెళ్ళిపోయాడు. మావ అందరికన్నా ముందున్నాడు.

ఖాళీ పందిట్లో ఇద్దరు మిగిలారు: అత్త, పక్క కుర్చీలో గుమ్మడికాయ.

“ఒరే అల్లుడూ, ఇలగ రా” అంది అత్త. నేను పలావు వరసలో మూడోవాణ్ణి. అయినా వెళ్ళాను. అది నా త్యాగంగా నమోదు చెయ్యాలి.

“ఈ కాయకి ఏటైనా అయినాదేటి?”

“ఏటీ అవలేదత్తా.”

“పుచ్చిపోనాదా?”

“లేదు.”

“పావుగంట కిందట పదకొండొందలు. ఇప్పుడు ఇరవైకి కూడా దిక్కు లేదు. ఏటిది?”

“కాయలో తేడా లేదత్తా. కొనేవోళ్ళు బోజనానికి ఎల్లిపోనారు.”

అత్త కాసేపు గుమ్మడికాయ మీద చెయ్యేసి కూర్చుంది, జ్వరం చూసినట్టు. తరవాత చాలా మెల్లగా అడిగింది. “మరి నాకు ఫోనొచ్చిన రోజు నీ బాండోళ్ళు బోజనానికి ఎల్తే?”

కోచింగులో ఇలాంటి ప్రశ్నకి నాలుగు జవాబులిచ్చి ఒకటి ఎంచుకోమంటారు. ఇక్కడ అలాంటి సదుపాయం లేదు. “సూసి సెప్తాను” అన్నాను.

సోమవారం ఫోన్లో మార్కెట్ తెరిచి ఆ రకం బాండు వెతికాను. కొనేవాళ్ళ వరస ఖాళీ. మంగళవారం ఒకడున్నాడు. వాడికి కావల్సింది అత్త ఒక మోకాలి చిప్పకి కూడా చాలదు, అదీ ధర తగ్గించి అడుగుతున్నాడు. బుధవారం వాడు కూడా భోజనానికి వెళ్ళాడు. పెద్ద బ్యాంకులు కోట్లలో వాళ్ళలో వాళ్ళు అమ్ముకుంటాయి, కొనుక్కుంటాయి. నాలుగున్నర లక్షల బాండు పట్టుకుని మనం వెళ్తే, అది పెళ్ళివారి వంటల దగ్గరికి ఉగ్గు గిన్నె పట్టుకెళ్ళినట్టు.

గురువారం వెళ్ళి ఉన్నదున్నట్టు చెప్పాను. బాండు చెడ్డది కాదు. పదేళ్ళు ముట్టుకోని డబ్బైతే, వడ్డీలు పెరిగినా తగ్గినా గుండె దడ లేకుండా కూర్చోవచ్చు. అయితే జాగ్రత్తగా ఉండేవాళ్ళ డబ్బుకి రెండు భయాలుంటాయి. తరిగిపోతుందేమోనని ఒకటి, వేళకి అందదేమోనని రెండోది. ఈ బాండు మొదటి భయానికి మందు. మా అత్తది రెండో జబ్బు. తప్పు మందు రాసింది నేను.

“పోనీలేరా. ఎక్కించకముందే సూసినాం” అంది అత్త. ముప్ఫై ఏళ్ళలో అలాంటి సీసాలు ఎన్ని చూసిందో ఆ గొంతులో తెలిసింది.

మావ మాత్రం ఆదివారం విజయోత్సవానికి వచ్చాడు. “నాను సెప్పినానా లేదా? ములుగుతాదని!”

“ములగలేదు మావా. తేలతానే ఉన్నాది. ఒడ్డుకి రాదు, అంతే.”

“అయితే మరి రాజాం షావుకారు...”

అత్త లేచి లోపలికెళ్ళి, ఎవరూ పాడక ఇంటికి తెచ్చుకున్న గుమ్మడికాయలో సగం కోసి తెచ్చి ఆయన ఒళ్ళో పెట్టింది. “ఇది పట్టుకెళ్ళి మీ షావుకారుకి వడ్డీకి ఇయ్యండి మరిదిగారూ.”

అత్త చివరికి ఎంచుకున్న బ్యాంకుకి ఉన్న గొప్ప అర్హత, మెట్లు లేకపోవడం. రైల్వే స్టేషన్ దారిలో, రోడ్డుకి సమానంగా ఉంటుంది. డబ్బు నాలుగు ముక్కలు చేసి ఏడాది గడువుతో నాలుగు ఫిక్సెడ్ డిపాజిట్లు వేసింది. “మందంతా ఒక్క సీసాలో పొయ్యకూడదు. ఒకటి ఇప్పితే మిగతావి బాగుండాల” అంది. వడ్డీ బాండు కన్నా కాస్త తక్కువ. మధ్యలో తీస్తే ఇంకాస్త కోస్తారు. ఆ కోత ఎంతో ముందే అడిగి, అరచేతి మీద పెన్నుతో రాసుకుని వచ్చింది.

మిగిలిన సగం గుమ్మడికాయ రోజూ దప్పళం అయింది. దప్పళం ఎక్కువ, అన్నం తక్కువ. నెల తిరిగేసరికి షుగరు దిగింది. దప్పళం వల్లనా, అన్నం తగ్గించడం వల్లనా, మావ రావడం మానెయ్యడం వల్లనా అన్నది డాక్టరు తేల్చి చెప్పలేదు. ఏడాది పట్టొచ్చన్న ఫోన్ ఆరో వారంలోనే వచ్చింది. అది మంగళవారం. శుక్రవారానికి చేరిపోవాలి.

బుధవారం పొద్దున్న బ్యాంకు తలుపు తియ్యకముందే మేం ముగ్గురం గుమ్మం దగ్గరున్నాం. మావ గరివిడి నుంచి మొదటి బండికి వచ్చేశాడు, బ్యాంకువాళ్ళు డబ్బు ఇవ్వకపోతే దెబ్బలాడదామని. అత్త బ్యాగు గుండెకి హత్తుకుని కూర్చుంది. పెదాలు కదులుతున్నాయి. ప్రార్థనో, కోత లెక్కో తెలీదు. సర్వరు పనిచెయ్యదని, మేనేజరు సెలవని, సంతకం కలవలేదని, నేను మనసులో అన్ని ప్రళయాలకీ జవాబులు సిద్ధం చేసుకున్నాను. అవేవీ జరగలేదు. కౌంటర్లో అమ్మాయి నాలుగు రసీదులూ తిప్పి చూసింది, కంప్యూటర్లో ఏదో కొట్టింది, “అయిపోయినట్టేనండీ, ఒక్కటే తక్కువ” అంది. మావ చొక్కా చేతులు మడిచాడు. ఆయన్ని ఆ అమ్మాయి చెప్పిన వస్తువు కోసం రోడ్డవతలకి పంపాం. పది నిమిషాల్లో తెచ్చాడు. మధ్యాహ్నానికి డబ్బు ఆసుపత్రి ఖాతాలో పడింది. అత్త శుక్రవారం చేరింది.

ఇప్పుడు అత్త మెట్లు ముందుకే దిగుతుంది. గుళ్ళో చాలామంది నన్ను పక్కకి పిలిచి, మీ అత్త డబ్బు ఎక్కడ పెట్టింది, అంత అర్జెంటుగా ఎలా తీసింది, ఆ రహస్యం మాకూ చెప్పు బాబూ అని అడుగుతుంటారు. చెప్తాను. డిపాజిట్ రసీదు వెనకాల రెవెన్యూ స్టాంపు అంటించి, దాని మీద సంతకం పెట్టాలి. బ్యాంకులో దొరకదు. మావ లాగ రోడ్డవతల పోస్టాఫీసుకి వెళ్ళి కొనుక్కోవాలి, ఒక్కోటి రూపాయి.